సాక్షి దిమ్మ

రంగూన్‌లో ఏటి ఒడ్డునున్న చిమిండైంగ్ బజారు పక్కన, స్టేషన్ దగ్గర, రైలు పట్టాల కింద నుంచి ఒక దారి ఉంది. పైన రైలు గడగడమంటుంటే కింద జనం చేపల బుట్టలతో తాపీగా నడిచిపోతుంటారు. ఎవరు కట్టారని అడిగితే గోడలో పొదిగిన పాలరాయి చూపిస్తారు. దాని మీద నలుగురు దొరల పేర్లున్నాయి. తవ్విన వాళ్ల పేరు ఒక్కటీ లేదు. లేకపోతే పోనీండి! ఆ దారిలో అందరికంటే ముందు నడిచిందెవరో మాత్రం వినండి.

పంతొమ్మిది వందల ఇరవయ్యారో సంవత్సరం, ఫాల్గుణ మాసం. సన్యాసమ్మకు అప్పటికి యాభై ఏళ్లు. పదహారో ఏట భీమిలి తీరం నుంచి ఓడెక్కి రంగూన్ వచ్చింది. మనవాళ్ల నోట దాని పేరు రంగం. నలభై మంది తెలుగు కూలీల ముఠాకు ఆవిడే పెద్ద. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు గంపలతో మట్టి మోస్తారు. పైన పట్టాలను దూలాల మీద నిలబెట్టి, కింద రెండు నిలువుల లోతున నేలను తొలిచేశారు. ఆ ముఠా తవ్విన గోడకు తాపీవాళ్లు ఇటుక కడితే మధ్యలో వేలు దూరే సందు ఉండేది కాదు. ఆ మాట చెప్పుకోవడం సన్యాసమ్మకు భలే ఇష్టం. చెప్పుకోదా మరి!

ఈ ముఠాకు ఒక పద్ధతి ఉంది. గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మను ముట్టకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. ఎంత లోతు తవ్వారో అదే చెబుతుంది కాబట్టి సాక్షి దిమ్మ అంటారు. దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. పని ముగిశాక ముఠా పెద్ద మొదటి దెబ్బ వేస్తేనే అది కూలాలి.

మెట్ల అడుగున, ఆకాశం కింద నిలబడ్డ ఆ దిమ్మను కూల్చమని ఓవర్సీర్ లింగరాజు పొద్దున్నే వచ్చి చెప్పాడు. లింగరాజు గంజాం వైపు మనిషే. కోటు తొడిగాక మాత్రం కూలీల యాస చెవిన పడితే ముఖం చిట్లించేవాడు.

“రేపు గచ్చు పోయాలి. వచ్చే సోమవారం పెద్ద దొరలు వస్తారు. దీన్ని తీసేయండి” అన్నాడు.

“తియ్యను బాబూ” అంది సన్యాసమ్మ.

“ఏమన్నావు?”

“ఇలాగొచ్చి సూడండి. రోజూ పొద్దున్నే దీనిమీద తడి ఎక్కడిదాకా ఎక్కిందో కొడవలితో గీత పెడతన్నాను. అమాసకి సీలమండ దాకా ఎక్కింది. మజ్జిలో దిగిపోనాది. ఇప్పుడు మళ్లీ మోకాలి దాకా వచ్చేసింది. ఏటి పోటు నేల కింద నుంచి వస్తంది బాబూ. ఎల్లుండి పున్నమికి పైకి తన్నేస్తాది. గచ్చు పోస్తే గచ్చు లేస్తాది, గోడ ఒరుగుతాది. పైన రైలుంది, రైల్లో జనం ఉన్నారు.”

“నేల పొడిగా ఉంది. గోడలు పొడిగా ఉన్నాయి. నీ మట్టి ముద్ద చెబితే పని ఆపాలా?”

“గోడలకి ఇటిక కట్టీసినారు, ఆటి కడుపులో ఏటుందో ఎవడికి తెలుసు? దీనికి ఏ ముసుగూ నేదు.”

లింగరాజు పార తెప్పించాడు. సన్యాసమ్మ వెళ్లి దిమ్మకు వీపు ఆనించి కూర్చుంది. గంప తీసి ముందు బోర్లించింది. ఆ ముఠాలో పెద్ద గంప బోర్లిస్తే పని ఆగినట్టే. కోడలు దేముడమ్మ గంప బోర్లించింది. ఆ వెనక ఇరవై గంపలు టపటపా బోర్లపడ్డాయి. మగవాళ్లు పారలు నేలకు గుచ్చారు.

గొడవ విని ఇంజినీరు దొర దిగివచ్చాడు. బోటాటౌంగ్ రేవులో పని కోసం ఎన్ని ముఠాలు కాచుకుని ఉన్నాయో సన్యాసమ్మకు తెలుసు. అయినా లేచి నిలబడి చెప్పింది.

“పున్నమి సాయంత్రం దాకా ఆగండి దొరా. నీళ్లు రాకపోతే మా నలభై మందినీ ఓడెక్కించీయండి. ఇంక రంగంలో పార ముట్టుకోం.”

లింగరాజు ఆ మాట దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. అప్పుడు పంపు తోలే కో టిన్ ఆంగ్ ముందుకొచ్చాడు. తెలుగువాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసి వాళ్ల మాట పట్టుబడిన బర్మా మనిషి. పెద్ద ఆడవాళ్లను తన భాషలో మర్యాదగా ‘డో’ అని పిలుస్తాడు.

“డో సన్యాసమ్మ నిజం సెప్తంది. ఊట తోడడానికి పంపు మొన్న రెండు గంటలు, నిన్న మూడు గంటలు నడిచింది” అన్నాడు.

లింగరాజు అదీ చెప్పాక, సన్యాసమ్మ చూపించిన గీతలను దొర చేతికర్రతో కొలిచాడు. చివరికి రెండు రోజులు గడువిచ్చి, పున్నమి పోటు వేళకు రైళ్లు ఆపమని కబురు పంపాడు.

ఆ రెండు రోజులూ సన్యాసమ్మకు ముద్ద దిగలేదు. తన పంతం కోసం ముప్పైతొమ్మిది మంది నోటి కూడు పణం పెట్టింది. పున్నమి నాడు మధ్యాహ్నం నేల ఎండిన అరటి నారలా పొడిగా ఉంది. లింగరాజు జేబు గడియారం తీసి పదేపదే చూశాడు. “అత్తా, రాకపోతే?” అంది దేముడమ్మ. “నోరు మూసుకోవే” అంది సన్యాసమ్మ. వంగి నేలను మళ్లీ తడిమి చూసింది.

ఎండ వాలాక దిమ్మ మొదట్లో నేల ఉడుకుతున్న అంబలిలా బుడబుడలాడింది. మరుక్షణం బురద బుస్సున లేచింది. ఎడమ గోడ కిర్రుమంది.

“ఒలమ్మో! గంపలెత్తండర్రా! తవ్వీసిన మన్నే తెండి! గోడకి దుంగలు ఆన్చండి!”

నెలల తరబడి పైకి మోసిన మట్టిని ఆ సాయంత్రం కిందికి మోశారు. జిగట మన్ను ముద్దలు ముద్దలుగా వేసి కాళ్లతో తొక్కారు. టిన్ ఆంగ్ పంపు ఊపిరి తీయకుండా తోడింది. లింగరాజు కోటు విప్పి దుంగకు భుజం పెట్టాడు. పోటు తగ్గి పాటు తీసే వేళకు గోడ నిలిచింది. పైన దూలాలు అంగుళం కదలలేదు.

తర్వాత నీటికి కాలువ పెట్టి, మందంగా గచ్చు పోశారు. సన్యాసమ్మ దిమ్మకు దండం పెట్టి తన చేత్తో మొదటి దెబ్బ వేసింది. పెద్ద దొరలు రావడం నెల ఆలస్యమైంది. వాళ్లు వచ్చే రోజు పొద్దున ఇంజినీరు దొర ఆవిణ్ణి పిలిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు.

“ఈ గోతిలో గంప నేకుండా ఒక్క అడుగూ ఎయ్యనేదు. దొరలు రాకముందు, నెత్తి మీద ఏటీ నేకుండా మేం ఒకపాలి నడిచెల్లాలి” అంది సన్యాసమ్మ.

లింగరాజు ఆ మాటను పొల్లుపోకుండా దొరకు చెప్పాడు. దొర టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు.

నలభై మందీ మెట్లు దిగారు. వెనక నుంచి లింగరాజు ఊరి యాసలో, అక్కను పిలిచినట్టు పిలిచాడు. “అప్పా, నానూ రావచ్చా? మా యమ్మా రంగం రేవులో గంప మోసిందే.”

“రారా తమ్ముడూ, అడగాలా ఏటి!”

కొత్త గచ్చు చల్లగా పాదాలకు తగిలింది. ఎంత గొప్ప పని చేశామని సన్యాసమ్మకు గుండె నిండిపోయింది. సగం దూరం వెళ్లాక వెనక దేముడమ్మ కిసుక్కున నవ్వింది.

“అత్తా, సెయ్యి దించు. గంప నేదు.”

సన్యాసమ్మ కుడిచెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి, లేని గంపను పట్టుకుని ఉంది. ఆవిడ చెయ్యి దించి, ఏడుస్తూనే నవ్వింది. రెండు చేతులూ ఊపుకుంటూ అవతలి మెట్లెక్కింది.