కొలువులో పెంగ్విన్లు

కోకిల టీచరు మంచు కథ వినని బడి పెరంబూరు చుట్టుపక్కల లేదంటే నమ్మాలి. పోయిన వేసవిలో, పరిశోధకులతో పాటు టీచర్లను కూడా తీసుకుపోయే ఓడ ఒకదాంట్లో చోటు దొరికి, ఆవిడ ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో నెల రోజులు తిరిగొచ్చింది. మంచు మందం కొలిచింది. సీసాల్లో సముద్రపు నీళ్ళు పట్టింది. తెల్ల ఎలుగుబంటిని ఒక్కసారి, అదీ దూరం నుంచి, బైనాక్యులర్లో చూసింది. అంతే, వచ్చిన దగ్గర్నుంచి మనిషి ఇంట్లో కాలు నిలిపితే ఒట్టు! బడి, లైబ్రరీ, చర్చి హాలు, రైల్వే కార్మికుల సంఘం, ఎవరు పిలిచినా సరే, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బయల్దేరేది.

ఎక్కడ మాట్లాడినా ఒక సంగతి మాత్రం నొక్కి చెప్పేది. తెల్ల ఎలుగుబంటి ఉండేది ఉత్తరాన, పెంగ్విన్లు ఉండేది దక్షిణాన, జన్మలో ఒకదాని మొహం ఒకటి చూడవు. ఈ విషయంలో ఆవిడ ఎంత కఠినమంటే, ఏడో తరగతి సరణ్య సైన్సు చార్టులో ఆ రెంటినీ ఒకే మంచుగడ్డ మీద బొమ్మ వేస్తే, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, మార్కులు తగ్గించి, చార్టును క్లాసంతటికీ ఎత్తి చూపించింది. పాపం, ఆ పిల్ల ఆ రోజంతా తల ఎత్తలేదు.

ఇంతలో నవరాత్రులు వచ్చాయి. కోకిల అత్తగారు చెల్లమ్మకు బొమ్మల కొలువంటే ప్రాణం. ప్రతి ఏడూ కొలువు మెట్ల కింద నేల మీద బొమ్మలతో ఒక కొత్త వేడుక పెడుతుంది. ఒకసారి రైల్వే స్టేషన్, ఒకసారి కూరగాయల అంగడి. ఈసారి ఏం పెడుతుందో ఎవరికీ చెప్పలేదు. "ఆడది ఒంటరిగా అంత దూరమా?" అని చుట్టాలంతా నసిగినప్పుడు, "పోనీండప్పా, ఇల్లు నేను చూసుకుంటా" అని కోడల్ని ఓడెక్కించింది ఈ చెల్లమ్మే.

కొలువు పెట్టిన రోజు కోకిల మైలాపూరులో ఒక బడికి పోయింది. "శనివారం మా ఇంటికి రండర్రా, కొలువు చూసి శనగల సుండల్ తిందురు" అని తన క్లాసు పిల్లల్ని ముందే పిలిచేసింది కూడా. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఏముంది!

మెట్ల కింద దూది మంచు. అద్దం ముక్కల సముద్రం. మధ్యన ఒక ఆడబొమ్మ, ఎర్ర కోటు, బొట్టు, జడలో మల్లెపూలు! ఆ కోటు చెల్లమ్మ తన చేత్తో కుట్టింది. బొమ్మకు ఈ పక్క తెల్ల ఎలుగుబంటి. ఆ పక్క, ఎలుగుబంటి మూతికి అందేంత దగ్గర్లో, వరసగా పెంగ్విన్లు.

"జార్జి టౌన్ సందులన్నీ తిరిగి తెచ్చినా ఈ పెంగ్విన్లని. కాళ్ళు లాగేసినాయనుకో. నువ్వే ఆ బొమ్మ! ఎట్లుంది?" అంది చెల్లమ్మ, మొహం వెలిగిపోతూ.

ఏం చెబుతుంది? "చాలా బాగుందత్తా" అంది కోకిల. ఆ మొహం చూశాక తప్పని చెప్పడానికి నోరు రాలేదు. పోనీ గుట్టుగా తీసేద్దామా అంటే, పెట్టిన కొలువును విజయదశమి దాకా కదిలించకూడదు. మర్నాడు చెల్లమ్మ వంటింట్లో ఉన్నప్పుడు మెల్లగా ఒక పెంగ్విన్ మీద చెయ్యి వేసింది. "కొలువు మీద చెయ్యి పెట్టొద్దమ్మే!" అని లోపల్నుంచే కేక. ఆవిడకు వీపున కూడా కళ్ళున్నాయేమో! శనివారం దగ్గర పడేకొద్దీ కోకిలకు అన్నం సయించలేదు. తన పరువు పోతే పోయింది, పిల్లల ముందు అత్త చిన్నబోతుందే అని ఆవిడ బెంగ.

శనివారం పిల్లలు బిలబిలా వచ్చేశారు. కోకిల పెంగ్విన్లకు అడ్డంగా చీర కుచ్చెళ్ళు పరిచి నిలబడింది.

"పక్కకు జరుగమ్మే, పిల్లోళ్ళకు కనపడొద్దా?" అని చెల్లమ్మ జబ్బ పట్టుకుని లాగేసింది.

సరణ్య చూసింది. ఎలుగుబంటిని చూసి, పెంగ్విన్లను చూసి, చివరికి టీచరు మొహం చూసింది.

"మిస్, ఇది రాంగ్ కదా మిస్?"

"అంటే... కొలువు కదమ్మా," కోకిలకు మాట తడబడింది. "పై మెట్టు మీద రాముడూ కృష్ణుడూ పక్కపక్కన లేరూ? అట్లాగే..."

"నువ్వుండు," అంది చెల్లమ్మ. "ఏంది పాపా రాంగు?"

సరణ్య చెప్పింది. టీచరు మాటల్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. తన చార్టు సంగతీ, ఎర్ర సిరా సంగతీ కూడా దాచలేదు.

చెల్లమ్మ కోడలి వైపు తిరిగింది. "నిజమా?"

"నిజమే అత్తా."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"అంత ఆశగా పెట్టారు. మీరు బాధపడతారని..."

"బాగుండాదే! ఈ పసిదాని తప్పుకు ఎర్ర సిరా, నా తప్పుకు నోటికి తాళమా? చెప్తే నేను విననా? ఊరంతా తిరిగి చెప్తా ఉండావు. ఒక్క దినమన్నా నన్ను కూర్చోబెట్టి చెప్పినావా, ఆడ ఏముండాదో, ఏం చూసినావో? నాకు తెలిసుంటే ఇట్ల పెడతానా?"

నిజమే మరి. అన్ని హాళ్ళలో అన్ని గంటలు మాట్లాడిన మనిషి, ఇంట్లో మాత్రం "చలి చంపేసిందత్తా" అని ఒక్క ముక్క చెప్పి పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి పోయింది. తనను పంపిన మనిషికే చెప్పలేదు. సిగ్గుతో కోకిల కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏడవద్దులే, పండగ పూట," అని చెల్లమ్మ పిల్లల మధ్యన చతికిలబడింది. "ఇప్పుడు చెప్పు. ఓడెక్కిన కాడ్నుంచి. నాకు అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పు, ఈ పిల్లోళ్ళకు కావాలంటే అరవంలో మళ్ళా చెప్పు."

ల్యాప్‌టాప్ లేదు, ఫోటోలు లేవు. కోకిల కొలువునే చూపించింది. పై మెట్టు ఉత్తరం, నేల దక్షిణం, నడిమి మెట్టు మీద కొట్టు పెట్టుకున్న చెట్టియారు దంపతుల బొమ్మలే మనం. పొద్దు కుంకని ఆ రాత్రుల్లో మంచు ఎట్లా మూలుగుతుందో చెప్పింది. మొదటి వారం చారన్నం కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని చెప్పింది. ఆ మాట ఏ బడిలోనూ చెప్పలేదు. చెల్లమ్మ చెయ్యి గడ్డాన పెట్టుకుని, "అయ్యో, ఆమేలే ఏమాయె?" అంటూ వింది. వినే వాళ్ళంతా ఇట్లా ఉంటే ఎంత బాగుండును అనిపించింది కోకిలకు.

అంతా అయ్యాక, "సరణ్యా, ఆ రోజు నీ చార్టు అందరి ముందూ ఎత్తి చూపించాల్సింది కాదమ్మా. నాదే పొరపాటు," అంది.

"అయితే మార్కులు ఇస్తారా మిస్?"

"మార్కులు ఎట్లా ఇస్తాను? తప్పు తప్పే కదా."

చెల్లమ్మ పకపకా నవ్వింది. "అట్ల చెప్పు! అదీ టీచరంటే! పాపా, రేపు ఆ చార్టు పట్టుకోనిరా."

మర్నాడు పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు చెల్లమ్మ తాంబూలం ఇచ్చే ముందు పాఠం చెప్పింది. "ఈ రెండూ ఒక చోట ఉండవమ్మా. తప్పుగా పెట్టింది నేనే. కొలువు కదిలించకూడదు గదా, అందుకని ఉంచినా. మా కోడలు ఎలుగుబంటిని చూసింది, అదీ దూరాన్నుంచి. పెంగ్విన్ని చూడనే లేదు, చూసినానని ఎవురికీ చెప్పలేదు కూడా." వంటింట్లో సుండల్లో కొబ్బరి కలుపుతున్న కోకిల ఆ మాట విని, గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏ హాల్లో ఎన్ని చప్పట్లు కొట్టినా ఇంత సంతోషం కలగలేదు.

కొలువు పక్క గోడకు సరణ్య చార్టు వేలాడుతోంది, ఎర్ర సిరా గీతతో సహా. "ఇది ఈ పాప వేసింది. మేమిద్దరం ఒకే తప్పు చేసినాం," అని చెల్లమ్మ అందరికీ చూపిస్తోంది. సరణ్య ఆ చార్టు కిందే నిలబడి, వచ్చిన వాళ్ళందరికీ తలెత్తుకుని సుండల్ పంచింది.