చలిగదిలో అరగంట

ముప్పై ఏళ్లుగా సూరత్‌లో మగ్గాల దగ్గర మగ్గిన సోమలింగం నేసేదంతా పోలిస్టర్ చీరలే గానీ, ఒక్క పోలిస్టర్ పోగును కూడా ఒంటికి తగలనివ్వడు. నూలు బనీను ఉంటే నూరేళ్లు ఉన్నట్టేనని అతని సిద్ధాంతం.

అలాంటివాడి కూతురు సింధూజ రేపు కాలేజీ పిల్లలతో మంచుకొండ ఎక్కడానికి బయల్దేరుతోంది. వారం రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు. సూరత్‌లో చలికాలమంటే ఫ్యాను కాస్త తగ్గించడమే కదా! చివరికి ఒక షరతు పెట్టాడు. కూతురు కిరాయికి తెచ్చిన చలిసామాను తానే తొడుక్కుని, ఖటోదరాలో దోస్తు గోపాల్ పనిచేసే ఐస్‌క్రీం గోదాం చలిగదిలో అరగంట ఉంటాడు. సామాను చలికి ఆగితే ఆమె పోవచ్చు. ఆగకపోతే ఆమే ఆగాలి.

"నాయినా, లోపట గీ పోలిస్టర్ బనీనే ఏసుకో. నూలుది అస్సలే వద్దు," అంది సింధూజ.

"నేసేటోనికే నేర్పుతున్నవా బిడ్డా?" అంటూ చాటుకు వెళ్లి, తన నూలు బనీను మీదే మిగతావన్నీ తొడుక్కున్నాడు.

"పెంగ్విన్ లెక్కున్నవ్ బావా! లోపట గుడ్డు గిట్ల పెట్టకు," అని గోపాల్ తలుపు మూశాడు.

కొండెక్కినట్టు ఉండాలని సోమలింగం డబ్బాలు మోస్తూ అటూ ఇటూ తిరిగాడు. పావుగంటకు చెమట పట్టింది. ఇంతేనా అనుకుని ఒక డబ్బా మీద కూర్చున్నాడు.

హిమం ముందు ఆ ధీమా అయిదు నిమిషాలు నిలవలేదు. తడిసిన బనీను ఇనుపరేకులా వీపుకు అతుక్కుంది. దవడలు మగ్గంలా కొట్టుకోసాగాయి. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లి గుద్దాడు. మందపు గ్లౌజుల చప్పుడు అతనికే వినిపించలేదు. "గోపాల్!" అన్నాడు. పొగే వచ్చింది, గొంతు రాలేదు. కళ్ల ముందు తెల్లటి కొండవాలు, దాని మీద కూలబడిన సింధూజ. గుద్దడానికి అక్కడ తలుపే లేదు.

తలుపు తెరుచుకుంది.

"అరగంటైంది బావా..." గోపాల్ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సామాను పనిచెయ్యలేదా నాయినా?" సింధూజ లోపలికి పరుగెత్తుకొచ్చింది.

'లేదు' అంటే చాలు. రెండే అక్షరాలు. బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. కానీ ఈ మొండిది ఇవాళ ఆగినా వచ్చే ఏడు పోతుంది. ఆ అబద్ధం నమ్మి, పోలిస్టర్ కంటే నూలుదే మేలని తొడుక్కుపోతే?

జాకెట్ జిప్పు అతనే లాగాడు.

"నీ సామాను మంచిగనే ఉంది బిడ్డా. నేనే లోపట నూలుది ఏసుకున్న. అది చెమట తాగి, నన్ను తాగబట్టింది. ఎక్కుతుంటే చెమట పట్టకముందే జాకెట్ ఇప్పు. ఆగంగనే మల్ల ఏసుకో."

"అట్లనే నాయినా."

"అక్కడ నీకు జర ఏమన్నైతే చూసేటోడెవడు?"

"పన్నెండు మందిమి పోతున్నం. ఒకర్నొకరం చూసుకుంటం."

సోమలింగం పళ్లు ఇంకా టకటకలాడుతూనే ఉన్నాయి.

"ఫోను కలుపు. ఒక్కొక్కళ్లను అడుగు, లోపట ఏం ఏసుకుంటున్నరో."