412లో గులాబీల తివాచీ

గది ఎవరు బాగుచేసుకుంటే గది వాళ్ళదే. కిషినావ్‌ నగరంలోని ఆ హాస్టల్లో కాగితం మీద ఎక్కడా లేని చట్టమిది. గోడలు పెచ్చులూడినా, కిటికీలు ఈదురుగాలిని లోపలికి పిలిచినా విశ్వవిద్యాలయం పట్టించుకోదు. పిల్లలే సున్నం, రంగు తెచ్చి వేసుకుంటారు. అందుకు బదులుగా చదువు అయ్యేదాకా వాళ్ళని ఎవరూ కదపరని వార్డెన్ అగాఫియా నోటిమాటగా చెబుతుంది.

దొరీనా ఆ మాట నమ్మింది. మొదటి ఏడాదంతా 412 మీద పడి గొడ్డుచాకిరీ చేసింది. మూలల్లో పట్టిన బూజు గీకింది, కిటికీ సందుల్లో దూది కుక్కి పైన కాగితం అంటించింది, తలుపుకి రంగేసింది. చివర్న అమ్మమ్మ తివాచీని మంచం పక్క గోడకి వేలాడదీసింది. నలుపు మీద ఎర్ర గులాబీలు, కింది మూల రెండు అక్షరాలు, అమ్మమ్మ పేరులోదీ అమ్మ పేరులోదీ. ఇద్దరూ కలిసి ఒక చలికాలమంతా మగ్గం ముందు కూర్చుని నేసిందది.

ఇదంతా ఎవరి కోసమంటే తల్లి కోసమే. లీడియా ఐదేళ్ళుగా ఇటలీలో, బొలోన్యాలో, మంచం పట్టిన ఒక ముసలావిడకి సేవ చేస్తోంది. అమ్మమ్మ పోయాక ఇల్లు మేనమామ చేతికి పోయింది. రమ్మని దొరీనా ఏడ్చినప్పుడల్లా ఫోన్లో ఒకటే మాట: "తిరిగొచ్చి ఎక్కడుండనే? కాలు పెట్టే చోటుందా మనకి?" చోటు తనే చేసి చూపిద్దామనుకుంది దొరీనా. రెండో మంచం అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. వార్డెన్‌ని బతిమాలితే అమ్మని కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకోవచ్చు, ఈలోగా ఇల్లు వెతుక్కోవచ్చు. గది ఫొటోలు పంపింది. సెప్టెంబరులో వస్తానంది లీడియా.

వేసవికి హాస్టల్ మూసేస్తారు. జూన్‌లో తివాచీ చుట్టబోతుంటే అగాఫియా ఆపింది.

"ఎందుకే అంత బరువు మోసుకుపోతావ్? మళ్ళీ వచ్చేది ఇక్కడికేగా. తాళం నా దగ్గరే ఉంటుంది."

సెప్టెంబరులో 412 తలుపు తీసింది ఇలోనా, అగాఫియా తమ్ముడి కూతురు. ఆమె భుజం మీదుగా గోడ మీది గులాబీలు కనిపిస్తున్నాయి.

దొరీనా పరుగున కిందికి దిగింది.

"మాటిచ్చారుగా ఆంటీ!"

"ఇచ్చాను. దాని కింద నా సంతకం ఏమన్నా ఉందా?" అగాఫియా టీలో చక్కెర తిప్పుతూనే ఉంది. "పై నుంచి లిస్టు వచ్చింది. నీకు 207."

"నా తివాచీ అన్నా ఇవ్వండి."

"అదెలా కుదురుతుందే? ఆగస్టులో ఆఫీసు వాళ్ళు సామాను లెక్క రాసుకోడానికొచ్చారు. గదిలో ఉన్నదంతా విశ్వవిద్యాలయానిదే అన్నారు. నంబరు కూడా వేసేశారు, వెళ్ళి చూసుకో."

చూసుకుంది. తివాచీ వెనకవైపు, సరిగ్గా ఆ రెండక్షరాల మీదుగా, తెల్ల రంగుతో ఆరంకెలు. దొరీనా దాన్ని పీకి పట్టుకుపోదామనుకుంది. పీకితే దొంగతనం.

207లో ఐదుగురు, ఒక చెమ్మ గోడ. ఎల్లుండి అమ్మ వస్తుంది. ఆ గోడ కింద అమ్మని కూర్చోబెట్టి, ఇదిగో మన చోటు, ఉండిపో అని ఏ మొహంతో అంటుంది? అన్ని ఫొటోలు పంపాక? మళ్ళీ నాలుగో అంతస్తు ఎక్కి, సిగ్గు చంపుకుని, ఒక్కపూట గది ఇమ్మని, రాత్రికి అమ్మని పెద్దమ్మ ఇంటికి పంపేస్తానని ఇలోనాని అడిగింది.

ఇలోనా చెడ్డది కాదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"ఏడవకు బాబూ! గురువారం రెండింటిదాకా నాకు క్లాసులు. తాళం తీసుకో. నా బట్టలు బీరువాలో తోసెయ్."

లీడియా మినీబస్సు దిగి, మెట్లెక్కి, గుమ్మం ముందే బూట్లు విప్పేసింది. కిటికీ అంచు మీద వేలితో రాసి చూసింది. దుమ్ము లేదు. తివాచీ దగ్గరికి వెళ్ళి చెంప ఆనించి అలాగే నిలబడింది.

"మా అమ్మ వాసన ఇంకా ఉందే!"

ఇలోనా వాడే అత్తరు వాసన తప్ప దానికేం లేదని దొరీనాకి తెలుసు. టీ పోసింది, వేడి వేడి జున్ను రొట్టెలు ముందు పెట్టింది. లీడియా రెండు తిని, చేతులు తుడుచుకుని, కూతురి మొహంలోకి చూసింది.

"ఒక మాట చెప్పనా? ఈసారి తిరిగి వెళ్ళకూడదనే బయల్దేరానే. చలికోటుతో సహా అన్నీ తెచ్చేసుకున్నా. దిక్కులేనిదానిలా ఏ మూలనో పడుంటున్నావని నాకు నిద్ర పట్టేది కాదు. ఫొటోలు కూడా నన్ను మభ్యపెట్టడానికే అనుకున్నా. పిల్ల పరిస్థితి బాలేకపోతే ఇక్కడే ఉండిపోతా, ఏ పాచిపనో చేసుకుంటా అనుకున్నా."

దొరీనా కప్పు కింద పెట్టేసింది.

"ఇప్పుడు నిబ్బరంగా ఉంది. ముసలావిడ కొడుకు ఇంకో మూడేళ్ళు ఉండమని ప్రాణం తీస్తున్నాడు. సరేనని చెప్పేస్తా. నీకు ఇల్లుందిగా."

"అమ్మా, ఈ గది..."

"ముచ్చటగా ఉందే తల్లీ. నేను కూడా ఇంత బాగా పెట్టుకోలేను."

ఒక్క ముక్క చాలు. ఇది నాది కాదు అంటే అమ్మ ఉండిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ చెంప మీద తివాచీ నూలు పోగు అంటుకుని కూర్చున్న అమ్మ మొహంలో ఐదేళ్ళుగా లేని తేట కనిపించింది, దాని వెనకే అబద్ధమాడి అమ్మని మోసం చేశానన్న సిగ్గు అడ్డుపడింది. దొరీనా సందేహించినంత సేపట్లో లీడియా ఫోన్ తీసింది. ఇటలీ భాషలో నవ్వుతూ ఏదో చెప్పి, మూడు వేళ్ళు కూతురికి చూపించింది.

రెండు దాటిన పది నిమిషాలకి తలుపు చప్పుడైంది. ఇలోనా తన గది తలుపు తనే తట్టి, తల లోపలికి పెట్టి అడిగింది:

"రావచ్చా?"

"రామ్మా, రా. బూట్లు మాత్రం బయట విప్పు, ఇప్పుడే తుడిచిన ఇల్లు." లీడియా లేచి ఆమెకి కుర్చీ జరిపింది, రొట్టె పెట్టింది. వెళ్ళేముందు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మా పిల్ల ఒంటరిది. ఇల్లు దానిదేలే, అయినా నీ ఇల్లే అనుకో. వస్తూ పోతూ ఉండు తల్లీ."

ఇలోనా దొరీనా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"అలాగే ఆంటీ."

పది రోజుల తర్వాత, పెద్దమ్మ ఇంట్లో ఉండొచ్చిన లీడియాని, ఆమె చలికోటునీ దొరీనా బస్సెక్కించింది. తిరిగొచ్చి హాస్టల్ మెట్లెక్కింది. రెండో అంతస్తు దగ్గర ఆగి, 207 తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.