ఎవరికీ అక్కరలేని వస్తువు

రోజూ పొద్దున రెజీనా మొగుడికి ఒళ్లు తుడిచి, ఇడ్లీ తినిపించి, మంచం పక్కన స్టూలు మీద కంప్యూటరు పెట్టి, మౌసు అతని కుడిచేతి కిందికి జరిపి, ముత్తుకూరు సెంటర్లో రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కేది. పనిలో నిచ్చెన మీంచి పడ్డాక సుశీల్ కుమార్‌కి మెడ కింద మిగిలింది ఆ మణికట్టూ, చూపుడువేలూ.

అందులో ఆట ఎక్కించి ఇచ్చింది రెజీనా తమ్ముడు జయకుమార్. పాడుబడ్డ అంతరిక్ష నౌకలో ఒంటరిగా చిక్కుకుపోయిన మెకానిక్కు కథ అది. కాల్చడాలు లేవు, తొందర లేదు. కనిపించిన వస్తువు మీద నొక్కితే సంచీలో పడుతుంది. ఏది దేనికి పనికొస్తుందో చూసుకుంటూ ముందుకు పోవాలి.

ఆటలో సుశీల్ సంచీలో వేసుకున్నవి సాయంత్రానికి నిజంగానే మంచం కింద ఉండేవి. పక్కింటి కామమ్మ కుళాయి బిగించుకోడానికి స్పానరు తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి పెట్టేది. ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు కుర్చీలోని గాజు హెల్మెట్ పక్కన పెట్టి కూర్చునేవారు.

రెండు నెలలుగా అతను ఆటలో ఒక తలుపు దగ్గర ఆగిపోయాడు. కాపలా ఒక కుండీలో మొక్క. టోపీ పెట్టుకుని, ఎవరికీ అక్కరలేని వస్తువు తెచ్చిస్తేనే తలుపు తీస్తానంటుంది. సుశీల్ సంచీలోవన్నీ ఇచ్చి చూశాడు. పళ్లూడిన దువ్వెనని కూడా మొక్క తిప్పి పంపింది, దాని కోసం ఎవరో వెతుకుతున్నారని.

ఒకరోజు పొద్దున రెజీనా తన గడ్డం గీస్తుంటే సుశీల్ అడిగాడు. "నేను దేనికి పనికొస్తాను, రెజీనా?"

మూడేళ్లుగా అతన్ని ఎత్తి దించి ఆమె నడుము పోయింది. మంచునీళ్లలో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్లు మొద్దుబారాయి. పొద్దున్నే ఈ మాటలేందని విసుక్కుని, తువ్వాలు విదిలించి బస్సుకి పోయింది.

సాయంత్రం వచ్చేసరికి మంచం ఖాళీ. పరుపు మీద అతని ఒంటి గుంట అలాగే ఉంది. తెర మీద ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల పొడవాటి నడవాలో, బనియనూ లుంగీతో, సుశీల్ కుమార్ తన కాళ్ల మీద నిలబడి ఉన్నాడు.

రెజీనా స్టూలు ముందు కూర్చుంది. అతను ఈసారి తననే ఇచ్చుకున్నాడు, మొక్క తిప్పి పంపలేదు. పొద్దున తను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

"నాకు అక్కర ఉండాది. రాండి," అంది తెరతో. మౌసు పట్టుకుని తలుపు మీద నొక్కింది.

అతను నడిచి వచ్చాడు. గడప దగ్గర ఆగి, వంగి, తన పాదాలకేసి చూసుకున్నాడు. తిరిగి నడవా చివరిదాకా వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. ఇంకొక్కసారి నొక్కితే గడప దాటి మళ్లీ మునుపటిలాగే మంచంలోకి వచ్చి పడతాడని ఆమెకు తెలుసు. వేలు మౌసు మీదే ఉంచి చాలాసేపు కూర్చుంది. తర్వాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

కామమ్మ గిన్నెలో చేపల పులుసు తెచ్చి, సుశీలన్న ఎట్టుండాడని గుమ్మంలోంచే అడిగింది.

"నడస్తా ఉండాడు," అంది రెజీనా, లేవకుండానే.