కట్టు విప్పేముందు

దొంగరాతగాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా వైద్య పత్రికకు ప్రియాంక అనే నర్సు పంపిన వ్యాసంలో ఒక పేరా, ఇరవై ఏళ్ల కిందటి నా వ్యాసంలోదేనని సాఫ్ట్‌వేర్ పట్టేసింది. వెంటనే రాయ్‌పూర్‌లోని మా ఆఫీసుకు పిలిపించాను.

"నా రాత కాపీ కొట్టి నాకే పంపుతావా?"

ఆ అమ్మాయి సంచిలోంచి పాత నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది.

"మీది చూసి రాయలేద్సార్. ఇది మా అమ్మ రూతమ్మ డైరీ. బీర్‌గావ్ ఆసుపత్రిలో మీ దగ్గర నర్సుగా చేసిందండీ. అమ్మ మాటలే కదా అని ఆమె పేరు వెయ్యలేదు. గల్తీ నాదేనండీ."

ఫ్యాక్టరీల్లో ఒళ్లు కాలి వచ్చినవాళ్లకు రూతమ్మ కట్లు కట్టేది. గమనించినవన్నీ రాసిమ్మని అడిగింది నేనే. అచ్చులో ఆమె పేరు వేయనిదీ నేనే.

నోట్‌బుక్ తెరిచాను. అదే పేరా. "కట్టు విప్పేముందు రోగిని సొంతూరి గురించి అడగాలి. ఆ కబుర్లలో పడితే నొప్పి అంతగా తెలియదు."

"నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని వచ్చే సంచికలో వేస్తాను. అది ఎవరి రాతో కూడా వేస్తాను," అన్నాను, నోట్‌బుక్‌లోంచి తలెత్తకుండానే.

ప్రియాంక కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"సార్," అంది మెల్లగా, "మీది ఏ ఊరండీ?"