నలుగురూ పిలవని ఆదివారం

"నేనడిగింది ఒక్క టీయే కదా, దానికింత మొహం మాడ్చుకోవాలా?" అన్నాడు భర్త, పేపర్లోంచి కళ్లు తీయకుండా. అత్తగారు అడిగింది ఒక్క బీపీ మాత్ర. అదీ ఆవిడ దిండు కిందే ఉంది. మరిది అడిగింది ఒక్క చొక్కా ఇస్త్రీ. కూతురు అడిగింది ఒక్క జడ. పాపం, ఆ ఇంట్లో ఎవరూ రెండోది అడగరు, అంత మంచివాళ్లు. అన్నీ తెమిల్చుకుని, చెమటలు కక్కుకుంటూ ఆమె ఆదివారం బడికి చేరేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం.

నలభైల్లో పడ్డాక పదో తరగతి పరీక్ష రాయబోతున్న ఆడవాళ్ల క్లాసు అది. టీచరమ్మ వయసులో చిన్నదే. "అక్కా, ఇంకొక్కసారి లేటైతే హాజరు చాలదు. పరీక్షకి మీ పేరు పంపలేను," అంది మెల్లగా.

వెళ్లి వెనక బెంచీలో కూలబడింది. తప్పు తనదే అనుకుంది. ఇంట్లోవాళ్లు ఎవరూ తను బయల్దేరే వేళకి ప్రతివారం పిలవరు. ఒక్కొక్కరూ రెండు ఆదివారాలకి ఒకసారి పిలుస్తారేమో, అంతే. ఆ లెక్కన సగం ఆదివారాలైనా టైముకి రావాలి కదా. రాలేకపోతోందంటే చేతకానితనమే. అత్తగారు అననే అంటుంది, "నీకు పని తెమలదమ్మా" అని.

టీచరమ్మ బోర్డు దగ్గర నిలబడి అడిగింది. "రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మే పడే అవకాశమెంత?"

"సగం," అన్నారు అందరూ, ఆమెతో సహా.

టీచరమ్మ నవ్వి బోర్డు మీద చెట్టు కొమ్మల్లా చీలే గీతలు గీసింది. సగంలో సగం, పావు. "ఒకదాంతో ఒకదానికి సంబంధం లేనివి అన్నీ కలిసి జరగాలంటే గుణించాలక్కా."

"నాలుగైతేనో?" అంది ఆమె.

"మీరే చేసి చూడండి."

పుస్తకంలో కొమ్మలు గీసింది. మొదటిదాని పక్కన టీ అని రాసుకుంది, తర్వాత మాత్ర, చొక్కా, జడ. నలుగురూ పిలవకుండా ఉండాలి. సగంలో సగం, అందులో సగం, అందులో మళ్లీ సగం. పదహారింట ఒకటి. పదహారు ఆదివారాలకి ఒక్కటంటే ఒక్కటి. మళ్లీ చేసింది, అదే వచ్చింది.

పక్కనామె తొంగి చూసింది. "లెక్కలో ఈ జడేంటే?" అని కిసుక్కున నవ్వింది.

ఆమెకి నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ తిట్టుకున్న తన చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ఇంట్లో ఎవరూ లేవకముందే, ఫోను బల్ల మీదే వదిలేసి, తలుపు దగ్గరికి వేసి బయటపడింది. బడి గేటు దగ్గర వాచ్‌మన్ ఆవులిస్తూ, "ఇంకా గంటన్నర ఉందమ్మా," అన్నాడు.

"ఉండనీ అన్నా."

మెట్ల మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమెను ఎవరూ పిలవని మొదటి గంటన్నర అది.