మూడు స్తంభాలకు ఒక సంతకం

యోహాను చెవులు తాండూరు బండల ఫ్యాక్టరీలో పోయాయి. ఇరవై ఆరేళ్లు అతను పాలిష్ మిషను పక్కనే నిలబడ్డాడు. రాయి మీద చక్రం తిరిగే రొద మొదట్లో ఇంటిదాకా వెంట వచ్చేది. తర్వాత నిద్రలోకి వచ్చింది. చివరికి ఆ రొద మిగిలి మనుషుల మాటలు పోయాయి. పూర్తిగా చెవిటివాడేమీ కాదు. కుడివైపు దగ్గరగా కూర్చుని నిదానంగా మాట్లాడితే వినిపిస్తుంది. కానీ అంత ఓపిక ఎవరికుంటుంది? భార్య సువార్తమ్మకు ఉండేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. వాళ్లకు పిల్లలు లేరు.

ఫ్యాక్టరీ మానేశాక యాలాల్ దగ్గర తన రెండెకరాల కంది చేను అంచున రేకుల ఇంట్లో ఉంటున్నాడు. కిరాణా కొట్టులో వేలు పెట్టి చూపిస్తే సరుకు ఇచ్చేస్తారు. బస్సులో కండక్టరు ఏమీ అడగకుండానే తాండూరుకు టికెట్టు కొడతాడు. చర్చిలో పాస్టరు పెదవులు చూసి సగం వాక్యం ఊహించుకుంటాడు. ఒక్కోసారి వారం మొత్తం గడిచిపోయేది, ఎవరితోనూ పట్టుమని పది మాటలు లేకుండా.

కంది పూతకొచ్చిన రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం అతని ఇంటి ముందు నలుగురు మనుషులు వచ్చి నిలబడ్డారు. చేను అవతల కొత్తగా లేచిన తొమ్మిదిళ్ల కాలనీ వాళ్లు. ముందున్నవాడు వార్డు మెంబరు రాజేందర్.

"కాకా, మా కాలనీకి ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైంది. లైను నీ చేన్లకెల్లి రావాలె. మూడే స్తంభాలు. గట్టు పొంటి పోతది. అభ్యంతరం లేదని నువ్వు కాగితం మీద సంతకం పెట్టాలె," అని గట్టిగా అరిచి చెప్పాడు.

యోహానుకు సగమే అందింది. అప్పుడు మహేశ్వరి ముందుకొచ్చింది. అంగన్‌వాడీ టీచరు, ముప్పై ఏళ్లుంటాయి. అతని కుడి పక్కన అరుగు మీద కూర్చుని, చిన్న పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఊళ్లోంచి కట్టెల మీద లాగిన తీగతో వాళ్ల ఇళ్లలో బల్బు గుడ్డిగా వెలుగుతోంది. బోరు మోటారు నీళ్లు ఎత్తడం లేదు. రోడ్డు పక్కనుంచి లైను వేయాలంటే మధ్యలో అడవి భూమి ఉంది, దానికి అనుమతి రావడానికి ఏళ్లు పడుతుంది.

ప్రతి మాటా వినిపించింది. లైను కింద ఇల్లు కట్టకూడదు, పెద్ద చెట్లు పెంచకూడదు, అంతే. ఇల్లు కట్టే వయసూ కాదు, కోరికా లేదు. సంతకం పెట్టవచ్చని అతనికి ఆ క్షణమే తెలిసిపోయింది. కానీ మహేశ్వరి ఇంకా మాట్లాడుతోంది. కందికి పురుగు పడ్డదా కాకా అని అడిగింది, పొద్దున ఏం వండుకున్నవని అడిగింది. వాళ్లు లేవబోతుంటే అతని నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"జర ఆలోచిస్త. వచ్చే ఆయితారం రాండ్రి."

చెప్పినట్టే ఆదివారం వచ్చారు. ట్రాక్టరు తిప్పుకోవడానికి జాగా ఉంటుందా అని అడిగాడు యోహాను. ఆ తర్వాతి వారం లైన్‌మన్ వెంకటేశాన్ని వెంటబెట్టుకొచ్చి, గట్టు మీద మూడు చోట్ల సున్నంతో గుర్తులు పెట్టి చూపించారు. పిడుగు పడితే ఎట్లా అని అడిగాడు. వెంకటేశం ఓపిగ్గా సైగలతో చెప్పాడు. యోహాను తాండూరు పోయి ఆరు చాయ్ గ్లాసులు, బిస్కెట్లు తెచ్చుకున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చొక్కా మార్చకుండానే ఎదురుచూసేవాడు. శనివారం వచ్చిందంటే మర్నాడు ఏం అడగాలా అని వెతుక్కునేవాడు. చేస్తున్నది మంచిది కాదని తెలుసు. వాళ్లు పోయాక ఆ సంగతి గుర్తొచ్చి తల దించుకునేవాడు.

అయిదో ఆదివారం మహేశ్వరి చాయ్ ముట్టలేదు. "మా అత్త మోకాళ్లు వాచినయ్ కాకా. ఊర్లకెల్లి బిందెతోని నీళ్లు మోస్తున్నది. ఇస్తవో ఇయ్యవో ఒక్క మాట చెప్పు."

యోహాను ఆమె ముట్టని గ్లాసు వైపు చూశాడు. అయినా "వచ్చే వారం చెప్త బిడ్డా" అన్నాడు.

మరుసటి వారం ఎవరూ రాలేదు. పెట్టిన చాయ్ మొత్తం పారబోశాడు. ఆ పై వారమూ రాలేదు. ఆ సాయంత్రం కిరాణా కొట్టతను అతని చెవి దగ్గర వంగి, "నువ్వు ఇయ్యనంటివట గదా! కాలనీవోళ్లు రేపు వికారాబాద్ పోతున్నరు, కలెక్టరాఫీసుల అర్జీ పెట్టనీకి" అని చెప్పాడు.

సోమవారం పొద్దున్నే యోహాను తాండూరులో రైలెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. ధారూర్ దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. వికారాబాద్‌లో దిగి ఆటోలో కలెక్టరాఫీసుకు చేరేసరికి అర్జీల వరుస బయటిదాకా సాగి ఉంది. మధ్యలో రాజేందర్, అతని వెనక మహేశ్వరి కనిపించారు. రాజేందర్ మొహం తిప్పుకున్నాడు.

"కాగితం ఇయ్యి. సంతకం పెడ్త," అన్నాడు యోహాను.

రాజేందర్ దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు. "మరి గిన్ని వారాలు ఎందుకు తిప్పిచ్చుకున్నవ్? నీ కాళ్లు పట్టుకునుడొక్కటే తక్కువాయె!"

యోహాను అతనొక్కడికే వినపడేలా మెల్లగా చెప్పాలనుకున్నాడు. అలాగే చెప్పాననుకున్నాడు.

"సంతకం పెట్టినంక మీరు రారు గదా! నాతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరు!"

వరుసలో ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. ఒకావిడ చేతిలోని అర్జీని గుండెలకు అదుముకుని అతన్నే చూస్తోంది. గేటు దగ్గరున్న హోంగార్డు రెండడుగులు వేసి, మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేశాడు. అప్పటికిగానీ యోహానుకు అర్థం కాలేదు, తన మాట ఎంతదూరం పోయిందో.

మహేశ్వరి నేల చూపులు చూసింది. రాజేందర్ సంచిలోంచి కాగితం తీసి, కింద అట్ట పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. యోహాను సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి.

తిరుగు రైలులో అందరూ ఒకే బోగీలో కూర్చున్నారు. రాజేందర్ పల్లీలు కొని పొట్లం అతని ఒళ్లో పెట్టాడు. ఎవరూ మాట్లాడలేదు. తిడితే బాగుండేదనిపించింది యోహానుకు.

నెల తిరిగేలోపు పనివాళ్లు వచ్చారు. గుంతలు తవ్వారు, స్తంభాలు నిలిపారు, తీగలు లాగారు. ఉన్న నాలుగు రోజులూ వాళ్లకు చాయ్ కాచి పోశాడు. అయిదో రోజు సాయంత్రం కాలనీలో తొమ్మిదిళ్లూ తెల్లగా వెలిగాయి. చేను ఇవతల నిలబడి కాసేపు చూసి లోపలికి పోయాడు.

తర్వాత రెండు ఆదివారాలు ఎవరూ రాలేదు. రారని తెలిసినా చూశాడు. అంతమందిలో అంత మాట అన్న మనిషి ఇంటికి రావడం ఎవరికైనా కష్టమే అని సర్దిచెప్పుకున్నాడు.

మూడో వారం అంగన్‌వాడీకి పోతూ మహేశ్వరి ఆగింది. ఎప్పటిలాగే కుడి పక్కన కూర్చుంది. "ఉన్నదున్నట్టు చెప్త కాకా. ప్రతి వారం వచ్చుడు నాతోని కాదు. ఇల్లు, బడి, పిల్లలు. నువ్వే మా ఇంటి దిక్కు రావొచ్చు గదా?"

ఒక ఆదివారం మహేశ్వరి ఇంటికి పోయాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీ మోగుతోంది, పదిమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. అతనికి అంతా కలిసి ఫ్యాక్టరీ రొదలాగే వినిపించింది. అందరూ నవ్వితే తనూ నవ్వాడు. పెట్టింది తిని, చీకటి పడకముందే లేచాడు. గేటుదాకా మహేశ్వరి అత్త భాగమ్మ కుంటుతూ వచ్చి ఏదో అంది. అతను కుడి చెవి వంచాడు.

"కందులు ఎప్పుడు కోస్తవంటున్న!"

"పదిహేను దినాలల్ల."

"నాకు చెప్పు. ఒంగి కొయ్యరాదు గని, కూసోని కొడ్త."

మాటవరసకు అందనుకున్నాడు. కానీ కోసిన కంది ఎండి కొట్టే రోజు పొద్దున్నే ఆమె చిన్న కర్ర పట్టుకుని వచ్చింది. కళ్లంలో టార్పాలిన్ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కాయలు కొడుతూ పొద్దు గూకేదాకా మాట్లాడుతూనే ఉంది. కోడలి గురించి, బషీరాబాద్‌లో తన పుట్టింటి గురించి, పోయిన మొగుడి గురించి. కర్ర చప్పుడులో యోహానుకు సగం మాటలు అందలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు. అడిగితే ఆపేస్తుందేమోనని తలూపుతూ కూర్చున్నాడు.